గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు

నమోదు 1

ఈ చిట్టా నెలకోసారైనా చెప్పాలని కాంట్రాక్టులో ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు సొంత భాషలో తమకు తోచింది చెప్పుకుంటే మనసు తేలికపడుతుందట. వినేదెవరో మాత్రం అందులో రాయలేదు. ఎవరైనా సరే, మీకు నమస్కారం. మీ మీద నాకు అనుమానంగానే ఉందని ముందే చెప్పేస్తున్నాను.

నా పేరు నూకరత్నం. ఊరు కాకినాడ. పంపుల మెకానిక్కుని. తోర్వా అనే ఈ ఊళ్ళో ఇళ్ళన్నీ నీళ్ళ మీదే తేలుతుంటాయి కాబట్టి ప్రతి ఇంటి అడుగునా ఒక పంపు ఉంటుంది. ప్రతి పంపూ ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. అందుకని నాకు పనికి కొదవ లేదు. ఇక అనుమానం అంటారా, అది నాకు పుట్టుకతో వచ్చింది. మా ఆయన కొండబాబు ఇంట్లో నన్ను 'ఇన్‌స్పెక్టరు గారూ' అని పిలుస్తారు. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడంటాను, నవ్వకపోతే ఇంకాస్త ఎక్కువ కలిపాడంటాను. చాలాసార్లు నిజమే అయింది.

ఇక్కడ వీధి అన్నది ఒకచోట ఉండదు. నిన్న ఉదయం రొట్టెలకి బయల్దేరబోతే పక్కింటాయన ఆపి, పున్నమి పోటు దాటాక ఈ వంతెన ఇక్కడ ఉండదని చెప్పాడు. ప్రతి పున్నమి పోటుకీ ఊరంతా ఇళ్ళ కొక్కేలు విప్పేస్తారు. ఎవరి పక్కన ఉండాలనుకుంటే వాళ్ళ ఇంటి రింగుకి మన కొక్కెం తగిలించాలి. ఆ తర్వాత టగ్గులొచ్చి, కొక్కేలు ఎటు చెబితే అటు ఇళ్ళని సర్దిపోతాయి. నడిమధ్యలో ఊరుమ్మడి రొట్టెల పొయ్యి ఉంటుంది. దాని చుట్టూ ఉన్నది పొయ్యి వరస, వెచ్చగా ఉంటుంది. నలుగురూ కోరుకున్న ఇల్లు అటు జరుగుతుంది. ఎవరికీ అక్కర్లేనిది బయటికి జరుగుతూ చివరికి అల వరసకి చేరుతుంది. అల వరస తర్వాత ఇక సముద్రమే. అక్కడ ఇంటిని పట్టుకుని కనీసం రెండు కొక్కేలు లేకపోతే టగ్గు ఆ ఇంటిని ఊరి బయటికి లాక్కెళ్ళిపోతుంది. కాంట్రాక్టు రద్దు, తిరుగు ఓడ.

నేను ఆరో పోటు దాటేదాకా ఊళ్ళో నిలబడితే నా ఇంటికి లంగరు గొలుసు వేస్తారు. అప్పుడు మా ఆయన్నీ మా జలజనీ తెచ్చుకోవచ్చు. ప్రస్తుతం వాళ్ళిద్దరూ మా మరిది ఇంటి మేడమీద గదిలో సర్దుకుంటున్నారు. జలజకి తొమ్మిదేళ్ళు. ఫోన్లో కనబడినప్పుడల్లా "అమ్మా, గొలుసేశారా?" అని అడుగుతోంది.

నన్ను దింపిన ఇల్లు పొయ్యికి మూడో వరసలో ఉంది. కొత్తవాళ్ళకి మర్యాదకి అలా ఇస్తారట. నా కొక్కేలు నాలుగూ గ్రీజు కాగితంలో చుట్టి గుమ్మం పక్కన ఉన్నాయి. విప్పలేదు. నేనొకర్ని పట్టుకుని వేలాడటమేమిటి? పని తెలిసిన మెకానిక్కుని వాళ్ళే పట్టుకుంటారు.

నమోదు 3

ఊరు చూశాను. చేపల బజారు తెప్పల మీద ఉంటుంది. చేపని తోకతో పట్టుకుని ఊపి, అది ఎంత బిగువుగా ఉందో చూసి కొంటారు. మొప్పలెత్తి చూస్తుంటే అందరూ నా వంక తిరిగారు. చూడనీ. కాకినాడ దాన్ని, మొప్ప చూడకుండా చేప కొంటే మా వీధిలో తలెత్తుకోలేను. రొట్టె నల్లగా, పుల్లగా, ఇటుకంత బరువుగా ఉంటుంది. నాచుతో చేసే పులుసు వాసనకి మొదట ముక్కు మూసుకున్నాను, రెండో గరిటెకి వదిలేశాను.

చెవిలో పెట్టిన బిళ్ళ వీళ్ళ మాటని తెలుగు చేసి వినిపిస్తుంది. ఏ కాలం తెలుగు ఎక్కించారో కాని, పీతలమ్మే కుర్రది కూడా "అమ్మా, తమరి రాకతో ఈ దుకాణము ధన్యమైనది" అంటుంది. అంత మర్యాదగా మాట్లాడేవాళ్ళని నమ్మడం నా వల్ల కాదు.

బిళ్ళ చెప్పిన నియమాలు రెండున్నాయి. చేతిలో ఆహారం ఉండగా ఎవరూ మాట్లాడకూడదు, ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ కూడా. ఎవర్నీ 'ఎందుకు' అని అడగకూడదు, అది మోటుతనం. నేను రోజుకి వందసార్లు ఎందుకని అడిగే మనిషిని. నోరు కట్టేసినట్టు ఉంది.

గృహప్రవేశం అనుకుని, తెచ్చుకున్న మినపసున్నితో సున్నుండలు చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి ఎదురింటి రొట్టెలాయన బోరిన్‌కి ఇచ్చాను. నాలుగు రోజులకి ఆ డబ్బా రెండు చేతులతో పట్టుకొచ్చి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఇచ్చాడు. లోపల ఏమీ లేదు. కడిగి, తుడిచి, ఖాళీ డబ్బా. నాకు ఒళ్ళు మండింది. రొట్టెలు కాల్చే మనిషి, ఒక్క ముక్కయినా పెట్టలేకపోయాడా? మా అమ్మ చిటికెడు పంచదార అయినా వేయకుండా ఎవరి గిన్నె తిరిగి పంపేది కాదు. పైగా ఆ నవ్వొకటి.

మర్నాడు ఎడమవైపు నీలం తలుపు ఇంట్లోంచి ఒక పెద్దావిడ వచ్చింది. పేరు ఇర్సె. చకచకా నడిచే సన్నటి మనిషి. నీలం గిన్నెలో పుల్లటి పళ్ళేసి వండిన పాము చేప తెచ్చింది. బాగుంది. అందుకని గిన్నె కడిగి, అందులో చింతపండు వేసి చేసిన చేపల ఇగురు నింపి, పైన కరివేపాకు వేసి ఇచ్చాను. ఆవిడ గిన్నెలోకి చూసి ముఖం చిన్నబుచ్చుకుంది. కాస్త ఆగి తల వంచి లోపలికి వెళ్ళిపోయింది. కారం ఎక్కువైందేమో అనుకున్నాను.

నమోదు 6

మొదటి పోటు అయింది. పొద్దున్న తలుపు తీసేసరికి ఎదురుగా బోరిన్ ఇల్లు లేదు. ఎవరో తాళ్ళు పేనేవాళ్ళు ఉన్నారు. ఊరి ప్రకటనలు చెప్పే గోడలోని గొంతు, "తమరి గృహము ఒక వరుస వెలుపలికి జరిగినది" అంది. రొట్టెలకి ఇప్పుడు ఇంకో వంతెన దాటాలి. చేపల బజారు ఎటుపోయిందో కనుక్కోవడానికే పొద్దు గడిచింది.

ఎవరో నా మీద చెప్పారు. లేకపోతే ఎందుకు జరుగుతుంది? పంపు బాగుచేసిన ఇళ్ళు చాలానే ఉన్నాయి. ఒక్కళ్ళు కూడా పేరు పెట్టేలా పని చేయలేదు. తిండి కూడా నలుగురూ తెచ్చారు, నలుగురి గిన్నెల్లోనూ నింపి ఇచ్చాను. ఒకరికి పులుసు, ఒకరికి పప్పు చారు, ఒకరికి బెల్లపు అప్పాలు. మర్యాదలో నేనెక్కడ తక్కువ చేశాను?

ఒకటి మాత్రం గమనించాను. ఎడమవైపు నీలం తలుపు ఇల్లు అలాగే నా పక్కనే ఉంది. నా ఇల్లు జరిగితే ఆవిడ ఇల్లు కూడా జరగడమేమిటి?

సాయంత్రం కొండబాబుకి చెబితే ఆయన నవ్వారు.

"పోపు ఘాటు కాదూ రత్నం? మన ఎదురింటాళ్ళే తుమ్ముతూ తలుపేసుకునేవాళ్ళు. వాళ్ళు పరాయోళ్ళు, ఏం చేత్తారు పాపం?"

"అయితే పోపు మానేత్తాను. మినుములూ ఆవాలూ లేకుండా నాలుగు రోజులు గడ్డి తిన్నట్టు తింటాను. దాంతో తేలిపోద్ది."

"జాగ్రత్తండీ ఇన్‌స్పెక్టరు గారూ, నిందితుడు మీ మూకుడే కావచ్చు."

నమోదు 9

పోపు మానేసి రెండు పోట్లు చూశాను. ఎండుమిర్చి ముట్టలేదు. ఇంట్లో వాసన అన్నదే లేదు, ఆస్పత్రిలా ఉంది. వచ్చిన గిన్నెల్లో చప్పిడి పాయసం, ఉడికించిన కూరలే నింపి పంపాను. అయినా పోటుకి ఒక వరస చొప్పున బయటికే జరుగుతున్నాను. గిన్నెలు తెచ్చేవాళ్ళు కూడా ఒక్కొక్కళ్ళే తగ్గిపోయారు. వంతెన మీద ఎదురైనవాళ్ళు తల పంకించి తప్పుకుంటున్నారు. ఇప్పుడు నీలం తలుపు ఇల్లు తప్ప పాత ముఖం ఒక్కటీ లేదు. ఆ ఇల్లు మాత్రం నన్ను వదలడం లేదు.

వేడినీళ్ళ స్నానాలశాల కనిపెట్టాను, అది ఒక్కటే ఓదార్పు. ఆవిరిలో కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటూ పాటలు పాడుతుంటారు. నా పక్కన చోటు ఖాళీగానే ఉంటుంది. నా వీపు నేనే అందినంతవరకు రుద్దుకుని వచ్చేస్తున్నాను.

ఊళ్ళో ఇంకో తెలుగాయన ఉన్నారని పనిలో తెలిసింది. పేరు భుజంగరావు. నరసాపురం వైపు. పదేళ్ళకి పైగా ఇక్కడే ఉన్నారు. పొయ్యి వరసలో, పొయ్యికి ఆనుకుని ఇల్లు. గొలుసు ఎప్పుడో పడింది. ఆయన్ని పంపుల గోదాములో పట్టుకున్నాను. ఒక్కసారి కాచిన టీపొడిని కిటికీలో ఆరబెట్టి మళ్ళీ కాచుకునే రకం. నాకు టీ ఇస్తానని గ్లాసులో సగం పోశారు.

"బాబాయ్ గారూ, ఇక్కడ నిలదొక్కుకోవాలంటే ఏం చెయ్యాలండీ?"

"ఏం చెయ్యక్కర్లేదమ్మాయ్. నేనేం చేశాననీ? మన పని మనం చూసుకోడమే. ఎవడి జోలికీ పోను, ఎవడికీ ఏం పెట్టను."

"మరి వాళ్ళంతా మీ చుట్టూనే ఉన్నారు కదండీ."

"అదే నాకూ తెలీదు. పొద్దున్న లేస్తే తలుపు ముందు గిన్నెలు. వద్దన్నా వినరు. తింటున్నా."

ఆయన కళ్ళల్లోకి చూశాను. దాపరికం ఉన్న మనిషి చూపు పక్కకి పోతుంది. ఆయన చూపు నా గ్లాసులో మిగిలిన టీ మీద ఉంది. ఇంకో తెలుగువాళ్ళు వస్తే తన మర్యాద తగ్గుతుందని ఈయనే నా మీద నూరిపోశాడేమో అనిపించింది. కాని ఊరికే ఎవరి మీదా నూరిపోసే ఖర్చు కూడా పెట్టే మనిషిలా లేడు.

నమోదు 12

అల వరసకి వచ్చేశాను. వచ్చేది ఆరో పోటు. ఇంటి గోడకి కెరటం కొడితే అలమారలో గిన్నెలు మోగుతున్నాయి. పొయ్యి వెచ్చదనం ఇక్కడిదాకా రాదు. పంపు మోటారు వేడిగా ఉంటుందని దాని పక్కనే తొట్టిలో గోంగూర విత్తనాలు చల్లాను. అవి మాత్రం హాయిగా లేచాయి. దుప్పటి తీసుకుని నేనూ అక్కడే పడుకుంటున్నాను.

జలజకి అల వరస అని చెప్పలేదు. సముద్రం దగ్గరగా కనబడుతోందని చెప్పాను. "అయితే నాకు కిటికీ పక్క మంచం," అంది. ఫోను పెట్టేశాక కాసేపు ఏడ్చాను.

ఇక అసలు సంగతి. ఎవరు చెబుతున్నారో నాకు తెలిసిపోయింది. ఇర్సె. మొన్న పనినుంచి వస్తుంటే రేవు దగ్గర ఆవిడ టగ్గు నాయకుడితో మాట్లాడుతోంది. చెయ్యెత్తి నా ఇంటినే చూపిస్తోంది. ఆయన కుదరదన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆవిడ వదలడం లేదు. నన్ను చూడగానే ఇద్దరూ ఆపేశారు. పరుగులాంటి నడక ఉన్న మనిషి ఈమధ్య కర్ర పట్టుకుని కుంటుతోంది. అది కూడా నాటకమే అయి ఉంటుంది, జాలి పడితే నోరు జారుతామని.

ఇన్నాళ్ళూ ప్రతి పోటుకీ నా వెంట ఎందుకు వచ్చిందంటారు? మిగతా అందరూ మానేసినా తనొక్కతే గిన్నె పట్టుకుని ఎందుకు వస్తోంది? నేనేం వండుతున్నాను, ఎవరు వస్తున్నారు, ఏం మాట్లాడుతున్నాను, అన్నీ చూసి రేవుకి చేరవేయడానికే. ఇంత తేటగా ఉన్న విషయం ముందే పట్టుకోలేకపోయినందుకు సిగ్గుగా ఉంది.

ఇవాళ మళ్ళీ వచ్చింది. అదే నీలం గిన్నె. నాచు పులుసు. తలుపు మొహాన వేసేద్దామనుకున్నాను. చేతిలో తిండి పట్టుకుని నిలబడిన మనిషి మొహాన తలుపు వేయడం మాత్రం చేతకాలేదు. తీసుకున్నాను. ఈ గిన్నె ఊరికే తిరిగివ్వను. గోంగూర కోతకి వచ్చాక, ఎండుమిర్చి దట్టంగా వేసి, పోపు పెట్టి, అంచుదాకా నింపి ఇస్తాను. నీకూ నాకూ ఇంతటితో సరి అని ఒక దండం పెట్టేస్తాను.

నమోదు 13

దీన్ని ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

భుజంగరావు గారి ఇంటి పంపు ఆగిపోయిందని పిలిస్తే వెళ్ళాను. అడుగు అరలోంచి పైకి వచ్చి చేతులు తుడుచుకుంటుంటే గుమ్మంలో బోరిన్ భార్య నిలబడి ఉంది. భుజంగరావు గారు మూల పడి ఉన్న గిన్నెల్లోంచి ఆవిడది ఏదో చూసి తీసి, తోమిందీ లేనిదీ చూసుకోకుండా ఆవిడ చేతిలో పెట్టారు. ఖాళీ గిన్నె. నాకు తల కొట్టేసినట్టయింది. తెలుగువాళ్ళ పరువు తీస్తున్నాడు అనుకున్నాను.

ఆవిడ ఆ గిన్నెలోకి చూసింది. బోర్లించి అడుగు చూసింది. తర్వాత నుదుటికి ఆనించుకుంది. ముఖం వెలిగిపోయింది. బోరిన్ ఆ రోజు నా డబ్బా తెచ్చినప్పుడు నవ్విన నవ్వే అది.

చేతుల్లోంచి గుడ్డ జారిపోయింది.

"బాబాయ్ గారూ, మీరెప్పుడైనా గిన్నెలో ఏదన్నా పెట్టి తిరిగిచ్చారా?"

"నేనా?" అన్నారాయన, ఏదో అప్పు అడిగినట్టు ఉలిక్కిపడి. "ఎందుకిస్తాను? వాళ్ళు ఇచ్చింది తినడానికే కదా. పెట్టడం మొదలుపెడితే దానికి అంతుంటుందా?"

బోరిన్ భార్య చేతుల్లో తిండి లేదు కాబట్టి మాట్లాడవచ్చు. మోటుతనం అయినా సరే అని అడిగేశాను. గిన్నె నింపి ఇస్తే ఏమిటని.

ఆవిడ గిన్నె చంకలో పెట్టుకుని నా వైపు తిరిగింది. "నిండిన గిన్నె అనగా, తమతో మాకు ఇక పని లేదు అని," బిళ్ళ చెప్పింది. "ఖాళీ గిన్నె అనగా, ఇంకను ఆకలి యున్నది, మరల రండి అని. తమరు మా ఇంటికి మూడు మారులు నింపి పంపితిరి. మేము కొక్కెము తీసివేసితిమి. తమరి కోరిక అది యని."

ఈ ఊళ్ళో అడుగుపెట్టిన నాటినుంచి ఇంటింటికీ, నా చేతులతో వండి, కరివేపాకు కూడా పైన అలంకరించి మరీ, మీతో నాకు పని లేదు అని చెప్పి వచ్చాను. ఎవరో చెప్పారని ఊరంతా అనుమానించాను. చెప్పింది నేనే. పక్కనే భుజంగరావు గారి పిసినారితనం ఇక్కడ పదేళ్ళుగా ప్రేమగా చెలామణి అయిపోతోంది, ఆయనకే తెలియకుండా.

ఇంటికి పరిగెత్తాను. ఊరందరి ఇళ్ళ కింద దూరినదాన్ని నా ఇంటి కింద ఎప్పుడూ దూరలేదు, నా పంపు ఎప్పుడూ చెడిపోలేదు కనుక. అడుగు మూత ఎత్తి లైటు వేసి చూశాను. మూడు వైపులా రింగులు ఖాళీగా వేలాడుతున్నాయి. ఎడమవైపు రింగులో ఒక కొక్కెం ఉంది. తుప్పు గీకి, నూనె రాసి, నిగనిగలాడుతోంది. దాని మెడకి నీలం గుడ్డ కట్టి ఉంది.

ఆవిడ నన్ను వెంటాడలేదు. నన్ను పట్టుకుని ఉంది. నేను బయటికి జరిగిన ప్రతిసారీ, విప్పుకుంటే తన చోట తను ఉండిపోవచ్చు. లైటు వెలుగులో చూస్తే, పక్కనే లోపలి వరసవాళ్ళ కొక్కేలు ఆవిడ ఇంటికి ఇంకా ఉన్నాయి. విప్పుకోలేదు. వెచ్చటి మూడో వరసనుంచి నాతో పాటు ఈ చలిలోకి వచ్చింది. మోకాళ్ళు పట్టేసి కర్ర పట్టింది. నేను దాన్ని నాటకం అన్నాను.

నమోదు 13కి తరువాయి

నీలం గిన్నె తోమాను. తుడిచాను. మళ్ళీ తోమాను. గోంగూర తొట్టిలో నవనవలాడుతోంది. రెండు ఆకులైనా తుంపి వేయమని చెయ్యి లాగుతోంది. మా అమ్మ వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంది. ఖాళీ గిన్నె పట్టుకుని ఒకరి గుమ్మం ఎక్కడం నా జన్మలో చేయలేదు. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదని ఇన్నాళ్ళూ గర్వపడిన మనిషిని. ఆ నాలుగడుగులూ వేయడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఇర్సె తలుపు తీసింది. గిన్నె రెండు చేతులతో చాచాను. ఆవిడ లోపలికి చూసింది. బోర్లించింది. నా ముఖంలోకి చూసింది, అనుమానంగా. ఆ చూపు నాకు బాగా తెలుసు, అద్దంలో రోజూ చూసేదే.

"తమకు ఇంకను ఆకలి యున్నదా?" అంది.

"ఉందమ్మా," అన్నాను. "చాలా ఉంది."

ఆవిడ గిన్నె నుదుటికి ఆనించుకుని అలాగే ఉండిపోయింది. నేను ఏడుస్తూనే చెప్పాను. మా వైపు గిన్నె ఖాళీగా ఇస్తే తప్పని, నింపి ఇస్తే మీ ఇల్లు ఎప్పుడూ నిండుగా ఉండాలని అర్థమని. బిళ్ళ దాన్ని ఎలా తర్జుమా చేసిందో కాని ఆవిడ పక్కనున్న బల్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి మోకాలు పట్టుకుంది.

"రేవులో టగ్గు ఆయనతో ఏం మాట్లాడారు?"

"రెండవ కొక్కెము దొరకువరకు ఇంకొక పోటు ఓర్చుకొనుమంటిని. ఒక ఇల్లు ఇంకొక ఇంటికి ఒక్క కొక్కెమే ఈయవలెను కదా. ఆయన కుదరదనెను."

"నాకు ముందే ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది కదమ్మా."

"చెప్పించుకొని చూపు ఆకలి, ఆకలి కాదు తల్లీ."

ఇక ఆగలేక ఆ మోటు ప్రశ్న కూడా అడిగాను. అందరూ వదిలేశారు, మీరెందుకు వదల్లేదని.

ఇర్సె గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. "తమరు పంపినది ప్రతిమారు తింటిని. సెలవు పుచ్చుకొను మనిషి అంత రుచిగా వండదు. గిన్నె ఒకటి చెప్పుచున్నది, కూర వేరొకటి చెప్పుచున్నది. నేను కూరను నమ్మితిని."

నమోదు 14

తెల్లవారగానే ఊరంతా కొక్కేలు విప్పిన చప్పుడు. ఇల్లు ఒక్కసారి తేలికైపోయి ఊగింది. మొన్నటిదాకా ఎవరో వచ్చి నన్ను పట్టుకోవాలని చూసినదాన్ని. అల వరసలో రెండు కొక్కేలు ఉంటే చాలు, అవి ఎవరివైనా సరే, నావైనా సరే. నావి నాలుగు గుమ్మం పక్కన గ్రీజు కాగితంలో పడున్నాయి.

ఒకటి విప్పాను. అడుగు అరలోకి దిగాను. నీళ్ళు మోకాలి దాకా వచ్చి ఎముకలు కొరుకుతున్నాయి. టగ్గు మోత దగ్గరవుతోంది. కెరటానికి ఇర్సె ఇంటి రింగు దగ్గరికి వస్తుంది, దూరం పోతుంది, అందదు. పంపులతో కుస్తీ పట్టిన చేతులు కాబట్టి సరిపోయింది. నాలుగోసారికి పడింది. అదే క్షణంలో అటువైపునుంచి నీలం గుడ్డ కొక్కెం వచ్చి నా రింగులో టక్కుమంది. సందులోంచి ఆవిడ ముఖం కనబడింది, జుట్టంతా తడిసిపోయి. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో, తనూ దిగింది.

టగ్గు వచ్చి, నా గోడకి ఆనుకుని ఆగింది. నాయకుడు వంగి కొక్కేలు చూశాడు. రెండుసార్లు చూశాడు. నాలాంటివాడే అయి ఉంటాడు. తర్వాత టగ్గు వెనక్కి తిరిగింది.

"తమరి గృహము కదలలేదు," అంది గోడ.

అల వరసలోనే ఉన్నాం, ఇద్దరం. చలి తగ్గలేదు. గొలుసు మాత్రం ఎల్లుండి వేస్తారు. జలజకి చెబితే ఒక్క కేక వేసింది. తర్వాత మళ్ళీ కిటికీ పక్క మంచం తనదేనని గుర్తు చేసింది. ఫోను కొండబాబు అందుకున్నారు.

"మీ ఇరుగుపొరుగోళ్ళకి ఏం పట్టుకురమ్మంటావు రత్నం? వట్టి చేతుల్తో రాలేం కదా. పూతరేకులు తేనా, కాజాలా?"

"ఏం తేవద్దండి. వాళ్ళేం పెడితే అది తినండి, గిన్నె కడిగిచ్చేయండి. లోపల మాత్రం ఏం పెట్టద్దు."

"ఒసేయ్, అదేం మర్యాదే?"

"వచ్చాక చెబుతాను."

నమోదు 15

గోంగూర కోశాను. పప్పు వండి, ఇన్ని నెలల కరువు తీరేలా పోపు పెట్టి, స్టీలు డబ్బాలో ఇర్సెకి ఇచ్చాను. ఆ డబ్బా తిరిగి రాలేదు. ఒక రోజు ఆగాను. రెండో రోజు నాకు అనుమానాలు మొదలయ్యాయి. నా మీద అభిమానంతో మా పద్ధతి నేర్చుకుని ఏదైనా పెట్టి తెస్తుందేమో. అలా తెస్తే సంతోషించాలా, భయపడాలా? పులుపు ఎక్కువైందా? అసలు నచ్చలేదేమో, సముద్రంలో పారబోసిందేమో.

ఇవాళ పొద్దున్న కుంటి అడుగుల చప్పుడు వినిపించింది. డబ్బా రెండు చేతులతో పట్టుకోవడానికి కర్రని చంకలో ఇరికించుకుని వచ్చింది. ఇచ్చి, నవ్వి, కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

డబ్బా తేలిగ్గానే ఉంది. అయినా అనుమానం నాది కదా, ఆవిడ తలుపు వేసుకునేదాకా ఆగి మూత తీసి చూశాను. అడుగున ఒక్క ఆకు కూడా లేదు. బోర్లించాను. నుదుటికి ఆనించుకుని గుమ్మంలోనే చాలాసేపు నిలబడ్డాను.